గాలివాటం పడవలు

గొడుగుని తెరచాపగా వాడిన మనిషి గురించి ఎప్పుడైనా విన్నారా? 1840లలో బ్రిటిష్ నౌకాదళంలో పీటర్ హాల్కెట్ అని ఒక లెఫ్టినెంటు ఉండేవాడు. ఆయన ఒక కోటు కుట్టించాడు. భుజాల మీంచి వేసుకుంటే వాన తగలకుండా కప్పేసే పెద్ద కోటు. చార్లెస్ మాకింటాష్ 1823లో పేటెంటు తీసుకున్నాడే, ఆ రబ్బరు పట్టించిన గుడ్డతో చేసినది. దాని జేబులో ఒక చిన్న తిత్తి. కోటు విప్పి నేల మీద పరిచి, తిత్తితో గాలి కొడితే నాలుగు నిమిషాల్లో ఏడడుగుల పొడవూ మూడడుగుల వెడల్పూ ఉన్న పడవ తయారు. గాలి గదులు నాలుగు, ఒకటి చిల్లు పడ్డా మిగిలినవి తేలుస్తాయి. (ఆ రోజుల్లోనే ఫాల్ట్ టాలరెన్స్ అన్నమాట!) చేతికర్ర చివర రెక్క తగిలిస్తే తెడ్డు. ఇక గాలి వెనక నుంచి వీస్తుంటే గొడుగు విప్పి పట్టుకోవడమే, అదే తెరచాప.

నవ్వొస్తుంది కానీ, దీని వెనక ఉన్న కథ నవ్వులాట కాదు. 1821లో జాన్ ఫ్రాంక్లిన్ బృందం ఉత్తర కెనడాలో కాపర్‌మైన్ నది ఒడ్డున వారం పైగా ఇరుక్కుపోయింది. ఆకలి, చలి, దాటడానికి పడవ లేదు. చివరికి ఒకతను కొమ్మలూ గుడ్డా కలిపి ఒక తొట్టి లాంటిది కట్టి అందరినీ దాటించాడు. ఆ యాత్రకి వెళ్ళిన ఇరవై మందిలో పదకొండు మంది చచ్చిపోయారు. హాల్కెట్ తండ్రి హడ్సన్స్ బే కంపెనీ డైరెక్టరు కాబట్టి ఇలాంటి కథలు ఇంట్లో వినే పెరిగి ఉంటాడు. వీపు మీద మోసుకెళ్ళగల పడవ ఒక్కటుంటే అంతమంది పోయేవారు కాదు కదా అన్నదే ఆయన ఆలోచన.

1844లో థేమ్స్ నదిలో నడిపి చూపించాడు. నౌకాదళం పెద్దలు చూసి చాలా తెలివైన పని అని మెచ్చుకుని, నౌకాదళానికి మాత్రం దీంతో పనేమీ లేదని 1845లో తేల్చేశారు. డెమో అదిరింది కానీ రోడ్‌మ్యాప్‌లో లేదు అనే క్లయింటు మేనేజర్లు అప్పుడూ ఉండేవారన్నమాట :) కానీ ఆర్కిటిక్ యాత్రికులు మాత్రం వదల్లేదు. 1846లో జాన్ రే ఒకటి వెంట తీసుకెళ్ళి దాంతో నదులు దాటాడు, వలలు వేయడానికీ వాడాడు. గాలి నింపిన పడవలో చేపల వేట అనేది కొత్త సరదా అనుకునేవాళ్ళకి ఈ ముక్క చెప్పాలి. రే వాడిన రకం పడవ ఒకటి స్కాట్లండ్‌లోని స్ట్రామ్‌నెస్ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది.

ఇదంతా నేను చదవడానికి కారణం మా టీమ్‌లో ఒకతను. చేపల పిచ్చి. గాలి నింపే కయాక్ ఒకటి కొన్నాడు, మడిచి కారు డిక్కీలో పెట్టుకోవచ్చని. అది కొన్న రెండో నెలలో దానికి ఒక బుల్లి తెరచాప కూడా కొన్నాడు. స్ప్రింగు చట్రం మీద గుండ్రంగా బిగించిన గుడ్డ, మధ్యలో చూడ్డానికి పారదర్శకంగా ఒక కిటికీ. విప్పితే టప్‌మని తెరుచుకుంటుంది. తిప్పి చూస్తే హాల్కెట్ గారి గొడుగే! మొదటి రోజు రిజర్వాయరులో తెరచాప ఎత్తి, తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, రెండు గాలాలు వేసుకుని, మహారాజులా నాలుగు కిలోమీటర్లు వెళ్ళాడట. గంట కూడా పట్టలేదు. తిరిగి రావడానికి నాలుగు గంటలు పట్టింది, అదీ సగం దూరం ఒడ్డున నడుస్తూ, పడవని తాడుతో లాక్కుంటూ.

ఎందుకలా అంటే లెక్క చాలా చిన్నది. గాలి గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వీస్తోందనుకోండి. మీరు అదే దిక్కుగా 6 కిలోమీటర్ల వేగంతో పోతుంటే మీ వీపుకి తగిలేది 9 కిలోమీటర్ల గాలి మాత్రమే. హాయిగా ఉంటుంది. వెనక్కి తిరిగి, 4 కిలోమీటర్ల వేగంతో తెడ్డు వేయడం మొదలుపెడితే ముఖానికి కొట్టేది 19. గాలి తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి ఒంటికి తెలిసే తేడా నాలుగు రెట్ల పైమాటే. గాలి మారలేదు. మీరు దిక్కు మార్చారంతే. పెద్ద తెరచాప పడవలు గాలికి ఎదురుగా వంకరటింకరగా నడుస్తూ వెనక్కి రాగలవు. వాటి అడుగున నీళ్ళలోకి దిగిన పెద్ద పలక ఉంటుంది, అది పడవ పక్కకి జారకుండా ఆపుతుంది. గాలి నింపిన పడవకి అడుగు చదును. నీటి మీద ఆకులా జారుతుంది. అందుకే దాని మీద చిన్న తెరచాప ఎత్తితే గాలి ఎటు పోతే అటే పోవాలి, మహా అయితే కొంచెం అటూ ఇటూ.

తెలుగులో దీనికి మంచి మాట ఉంది, గాలివాటం. మనిషిని గాలివాటం అన్నామంటే తిట్టినట్టే. కానీ ఈ గాలివాటం పడవల చరిత్ర చదివితే నాకు అనిపించింది వేరు. ఇందులో బతికి బట్టకట్టినవాళ్ళంతా గాలిని ముందే చదువుకున్నవాళ్ళు. బయల్దేరే రోజుని, బయల్దేరే రేవుని గాలిని బట్టే ఎంచుకున్నవాళ్ళు. మనవాళ్ళు రోల్‌బ్యాక్ లేని రిలీజ్ అంటారు చూడండి, అలాంటిది. అర్ధరాత్రి చేసే ధైర్యం కన్నా పగటిపూట చేసిన ప్లానింగే కాపాడుతుంది.

మన కోస్తా మత్స్యకారులకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తెప్పకి తెరచాప కట్టి వేటకెళ్ళే రోజుల్లో తెల్లవారుజామునే ఎందుకు బయల్దేరేవారు? రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది కాబట్టి ఆ వేళ గాలి నేల మీంచి సముద్రం మీదకి వీస్తుంది. మధ్యాహ్నానికి నేల వేడెక్కి గాలి సముద్రం మీంచి ఒడ్డుకి తిరుగుతుంది. పోయేటప్పుడూ గాలివాటమే, వచ్చేటప్పుడూ గాలివాటమే. భూపవనాలు, జలపవనాలు అని ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో బట్టీ పట్టి రెండు మార్కులు తెచ్చుకున్నాం కానీ, అది ఒకరి రోజువారీ టైంటేబులు అని మనకెవరూ చెప్పలేదు.

ఆ తీరం పక్కనుంచే ఒక జర్మన్ కుర్రాడు కయాక్‌లో వెళ్ళాడన్న సంగతి నాకు ఈ మధ్యే తెలిసింది. పేరు ఆస్కార్ స్పెక్. హాంబర్గ్ వైపు వాడు, ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు. ఆర్థిక మాంద్యంలో పని పోయింది. సైప్రస్ రాగి గనుల్లో ఏదైనా దొరుకుతుందేమో అని 1932 మే నెలలో ఉల్మ్ పట్టణం దగ్గర డాన్యూబ్ నదిలో పడవ దింపాడు. చెక్క చట్రం మీద రబ్బరు గుడ్డ తొడిగిన మడత కయాక్ అది, పద్దెనిమిది అడుగులు. దానికి ఒకటిన్నర చదరపు మీటర్ల తెరచాప, అంటే మన ఇంట్లో తలుపంత గుడ్డ. సైప్రస్ చేరాక ఆగబుద్ధి కాలేదు. యూఫ్రటీస్ నది, పర్షియన్ గల్ఫ్, బలూచిస్తాన్ తీరం, బొంబాయి, 1935లో సిలోను. అక్కణ్ణుంచి మద్రాసు మీదుగా తీరం వెంబడే కలకత్తా. అంటే నెల్లూరు, బందరు, కాకినాడ, విశాఖ, ఇవన్నీ ఆ తెడ్డుకి ఎడమ పక్కన దాటి ఉండాలి. మన ఊళ్ళలో ఏ రేవులో ఆగాడో, ఎవరు మంచినీళ్ళిచ్చారో ఎవరైనా రాసి ఉంటే ఎంత బాగుండేది!

1939 సెప్టెంబరులో స్పెక్ ఆస్ట్రేలియాకి చెందిన సైబాయ్ దీవిలో దిగాడు. ఏడేళ్ళు, సుమారు 50 వేల కిలోమీటర్లు. ఒడ్డున పోలీసులు అభినందించి, అరెస్టు చేశారు. అప్పటికి యుద్ధం మొదలై కొన్ని వారాలే అయ్యింది, ఇతనేమో శత్రు దేశస్థుడు. యుద్ధం అయ్యేదాకా నిర్బంధ శిబిరంలోనే ఉంచారు. ఇంతకన్నా ఘోరమైన ఆన్‌సైట్ ల్యాండింగ్ నేనైతే వినలేదు.

స్పెక్ తీరం వదలకుండా నడిచాడు. గాలి ఎదురైతే ఒడ్డెక్కి కూర్చోవచ్చు. ఆ వెసులుబాటు వదులుకుని మహాసముద్రం మధ్యలోకి వెళ్ళినవాళ్ళ కథ వేరు.

వాళ్ళందరూ దాదాపు ఒకే చోటి నుంచి బయల్దేరారు. ఆఫ్రికా పక్కన కేనరీ దీవుల నుంచి. కారణం మళ్ళీ గాలే. అక్కణ్ణుంచి కరీబియన్ దాకా వ్యాపార పవనాలు ఈశాన్యం నుంచి నెలల తరబడి ఒకే తీరుగా వీస్తాయి. 1492లో కొలంబస్ పట్టుకున్నదీ ఆ గాలినే. (తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఉత్తరంగా పోయి పడమటి గాలులు పట్టుకుని అజోర్స్ దీవుల మీదుగా వచ్చాడు. పోయే దారి వేరు, వచ్చే దారి వేరు.) సుమారు 5,000 కిలోమీటర్లు.

ఫ్రాంజ్ రోమర్ ఆ దారిన 1928 జూన్‌లో వెళ్ళాడు. క్లెప్పర్ కంపెనీ చేసిన మడత కయాక్, చిన్న తెరచాప. పడుకోవడానికి చోటు లేదు, కూర్చునే నిద్ర. 58 రోజుల తర్వాత జులై 31న సెయింట్ థామస్ దీవిలో దిగాడు. భాగించి చూడండి, గంటకి మూడున్నర కిలోమీటర్లు వస్తుంది. మనం పార్కులో నడిచే వేగం కన్నా తక్కువ! కానీ మనం ఎనిమిది గంటల తర్వాత ఇంటికి పోతాం, గాలి పోదు. చిన్న తెరచాప ఇచ్చేది వేగం కాదు, ఇరవైనాలుగు గంటల షిఫ్టు. రెండు చేతులతో అన్ని రోజులు తెడ్డు వేయడం ఏ మనిషి వల్లా కాదు.

రోమర్ అక్కడితో ఆగి ఉంటే ఈ రోజు ఆయన పేరు అందరికీ తెలిసేది. సెప్టెంబరులో ప్యూర్టోరికో నుంచి అమెరికా వైపు మళ్ళీ బయల్దేరాడు. జూన్, జులైలో నడిపించిన గాలి వేరు, సెప్టెంబరులో అదే సముద్రం మీద పుట్టేది వేరు. ఆ నెల 13న ప్యూర్టోరికో మీదుగా పోయిన హరికేన్ వేల మందిని చంపింది. రోమర్ మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. ఆయన దాటింది రికార్డు పుస్తకాల్లో ఒక లైను, ఆ లైను కూడా చాలామందికి తెలీదు.

తర్వాతివాడు అలైన్ బొంబార్. ఫ్రెంచి డాక్టరు, అప్పటికి మన వయసువాడే, 28 ఏళ్ళు. ఓడ మునిగి చిన్న పడవల్లో పడ్డవాళ్ళు దాహంతోనూ ఆకలితోనూ కాదు, ముందు భయంతో చస్తున్నారని ఆయన వాదన. సముద్రమే తిండీ నీళ్ళూ పెడుతుందని నిరూపించడానికి 1952లో గాలి నింపిన జోడియాక్ రబ్బరు పడవ ఎక్కాడు. పొడవు నాలుగున్నర మీటర్లకి కాస్త ఎక్కువ. పేరు లెరెతిక్, అంటే మతధిక్కారి. దాని మీద ఎత్తిన తెరచాప ఆప్టిమిస్ట్ అనే రకం పడవది. అది పిల్లలు నేర్చుకోవడానికని అమెరికాలో 1947లో డిజైను చేసిన బుల్లి పడవ. మతధిక్కారి మీద ఆశావాది తెరచాప! ఎవరూ కావాలని పెట్టలేదు కానీ, ఇంతకన్నా మంచి పేర్లు ఎవరు పెట్టగలరు?

మధ్యధరా సముద్రంలో తోడున్న జాక్ పామర్ టాంజియర్‌లో ఆగిపోయాడు. బొంబార్ ఒక్కడే అక్టోబరు 19న లాస్ పాల్మాస్ వదిలాడు. మొదటి రోజుల్లోనే గాలికి తెరచాప చిరిగింది. కొత్తది తీసి కట్టాడు. కాసేపటికి గాలి ఆ కొత్తదాన్ని ఊడబెరికి ఎత్తుకుపోయింది. అంతే, స్పేరు లేదు. ఇంకా 4,000 కిలోమీటర్ల పైన ఉంది. కూర్చుని పాత చిరుగుని సూదీ దారంతో కుట్టుకున్నాడు. ఆ కుట్లేసిన గుడ్డే చివరిదాకా లాక్కెళ్ళింది. ఆయన చేపల రసం తాగిన సంగతి, ఉప్పునీళ్ళు కొంచెం కొంచెం తాగిన సంగతి ప్రపంచమంతా రాసింది, ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ కుట్ల గురించి ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో మాత్రం ఆ ప్రయాణంలో అసలు ప్రశ్న ఆ దారం తెగుతుందా లేదా అన్నదే. తెరచాప లేకపోతే అది 65 రోజుల ప్రయాణం అయ్యేది కాదు, ఎన్ని రోజులో ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంఘటన ఉంది. కూర్చునే గాలి దిండు ఒకటి నీళ్ళలో పడింది. తెరచాప దించాడు. నీటి లంగరు వేశాడు. నీటి లంగరు అంటే గుడ్డతో చేసిన గొడుగులాంటిది, నీళ్ళలో విచ్చుకుని పడవని ఆపుతుంది. ఈతకొట్టి దిండు పట్టుకుని వెనక్కి చూస్తే పడవ దూరంగా పోతోంది! నీటి లంగరు తాళ్ళు చుట్టుకుని విచ్చుకోలేదు. తెరచాప కిందకి దించినా సరే, ఉబ్బిన రబ్బరు గోడలే గాలికి తెరచాపలయ్యాయి. దాన్ని అందుకోవడానికి ప్రాణం పోయేంత పని అయ్యింది. ఒక్క దిండు కోసం. మా చేపల మిత్రుడికి ఈ కథ చెప్పాను. అప్పట్నుంచీ పడవకీ నడుముకీ తాడు కట్టుకుంటున్నాడు.

53వ రోజున అరకాకా అనే ఓడ ఎదురైంది. వాళ్ళు చెప్పేదాకా తను ఎక్కడున్నాడో బొంబార్‌కి సరిగ్గా తెలీదు. అనుకున్న చోటికి సుమారు 600 నాటికల్ మైళ్ళు వెనకే ఉన్నాడు. ఎక్కించుకుంటామన్నారు. కాస్త తిని, మళ్ళీ తన రబ్బరు పడవలోకి దిగిపోయాడు. డిసెంబరు 23న బార్బడోస్. 25 కిలోలు తగ్గాడు. ఆ ఓడలో తిన్నాడు కాబట్టి ప్రయోగం చెల్లదన్నవాళ్ళున్నారు. ఉండనివ్వండి. అయితే ఒకటి, గాలి పడవ మంత్రం కాదు. 1958 అక్టోబరులో ఫ్రాన్స్‌లో ఎతెల్ అనే చోట, నది సముద్రంలో కలిసే దగ్గర లేచే అలల్లో బొంబార్ ఒక గాలి తెప్పని పరీక్షిస్తుంటే అది తిరగబడింది. కాపాడటానికి వచ్చిన పడవా తిరగబడింది. తొమ్మిది మంది పోయారు. బొంబార్ గురించి రాసేవాళ్ళు 1952 రాసి 1958 వదిలేయడం నాకు నచ్చదు.

హన్నెస్ లిండెమన్ కూడా డాక్టరే, జర్మన్. ఉప్పునీళ్ళు తాగొచ్చన్న మాట అబద్ధమనీ, నమ్మినవాళ్ళు చస్తారనీ ఆయన పట్టుదల. మాటలతో కాదు, రెండుసార్లు సముద్రం దాటి మరీ వాదించాడు. 1955లో మాను తొలిచిన ఆఫ్రికా దోనెలో. 1956 అక్టోబరు 20న దుకాణంలో దొరికే క్లెప్పర్ ఏరియస్ మడత కయాక్‌లో. పొడవు 5.2 మీటర్లు, బరువు 27 కిలోలు. ఈ ఏరియస్ పక్క అంచుల్లో పొడుగ్గా గాలి గొట్టాలుంటాయి, పేరులోనే గాలి ఉంది. అది చాలదని లిండెమన్ ఒక తెడ్డు అడ్డంగా కట్టి, దాని చివర కారు ట్యూబు సగం ముక్కకి గాలి నింపి తగిలించాడు, పక్కకి ఒరగకుండా. పంక్చరు షాపు టెక్నాలజీతో అట్లాంటిక్ దాటడం!

ఆయన పోరాటమంతా నిద్రతో. కొన్ని రోజులు బాగా నడిచాక వచ్చే ప్రమాదం అదే. వెనక నుంచి అల వస్తున్నప్పుడు పడవ ముక్కు కాస్త పక్కకి తిరిగిందా, అల అడ్డంగా కొట్టి బోర్లా వేస్తుంది. గాలివాటంలో చుక్కాని వదిలేయడం కుదరదు. బయల్దేరే ముందు నెలల తరబడి తన మనసుకి తనే ఒక మాట ఎక్కించుకున్నాడు: పడమర దిక్కు, నేను చేరతాను. ఎంతలా అంటే కునుకు పట్టినా పడవ దారి తప్పితే ఆ మాటే లేపేలా. 57వ రోజు రాత్రి పడవ తిరగబడింది. తెల్లారేదాకా జారిపోయే ఆ రబ్బరు అడుగు మీద బోర్లా పడుకుని పట్టుకున్నాడు. తర్వాత ఇంకోసారి తిరగబడింది. 72 రోజులకి సెయింట్ మార్టిన్ దీవి చేరాడు. 1957 జులైలో లైఫ్ పత్రిక ముఖచిత్రం మీద వేసింది.

1987లో ఎడ్ గిలెట్ పసిఫిక్‌లో ఇదే పని చేశాడు, కాలిఫోర్నియాలోని మాంటెరే నుంచి హవాయి దాకా. ఈసారి తెరచాప బదులు ఒక గాలిపటం, తాడు పడవ ముక్కుకి కట్టి. పైన గాలి ఎక్కువ కాబట్టి చిన్న గాలిపటమే బాగా లాగుతుంది. కానీ ఆయన లెక్కవేసుకున్న గాలి రోజుల తరబడి రాలేదు. గాలిపటం ఎగరకపోతే మళ్ళీ తెడ్డే. తిండి అయిపోయి చివరికి టూత్‌పేస్టు తిన్నాడు. ఆగస్టు 27న మావీ దీవి చేరేసరికి 63 రోజులు.

రోమర్, బొంబార్, లిండెమన్, గిలెట్. నలుగురిలో ఒక్కరు కూడా అదే పడవలో అదే దారిన వెనక్కి రాలేదు. తెప్ప మీద తెరచాప కట్టుకుని పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చినవాళ్ళని మాత్రం ఏ పత్రికా ముఖచిత్రంగా వేయలేదు. మీలో ఎవరిదైనా ఉప్పాడో, భీమిలో, నిజాంపట్నమో అయితే, మీ తాతలు ఆ నేల గాలినీ సముద్రపు గాలినీ ఏ పేర్లతో పిలిచేవారో కాస్త అడిగి చెప్పండి.